వెనుక యాక్సిల్ వంకరను పట్టుకున్న అలైన్‌మెంట్ సర్వీసు

పొట్టి స్ప్రింగులు వేయించి కారు ఎత్తు తగ్గించాక స్టీరింగ్ వంకరగా నిలబడితే, చాలామంది ముందు చక్రాలకు అలైన్‌మెంట్ చేయించి ఊరుకుంటారు. నేను ఇక్కడ రాస్తున్న వర్క్‌షాప్ వాళ్లు ఆ పనికి ఒప్పుకోలేదు. వెనుక యాక్సిల్ ఎటు చూస్తోందో తేలందే ముందు చక్రాలను ముట్టుకోబోమని మొదటే చెప్పేశారు. వాళ్ల మీద నాకు గురి కుదిరింది అక్కడే.

నాది వెనుక చక్రాలతో నడిచే కారు. రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే గట్టి యాక్సిల్ ఉంటుంది. అది ముందుకూ వెనక్కూ కదలకుండా ఆర్ములు, పక్కకు జరగకుండా ప్యాన్‌హార్డ్ రాడ్ పట్టి ఉంచుతాయి. కారు 40 మిల్లీమీటర్లు దిగాక తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగ్ కుడివైపు కొద్దిగా తిరిగి ఉండేది. యాక్సిలరేటర్ తొక్కితే కారు ముక్కు ఎడమకు, వదిలితే కుడికి జరిగేది. వెనుక సీటు నిండినప్పుడు ఎడమ టైరు ఫెండర్ అంచుకు రాసుకునేది. అంతకుముందు మరోచోట ముందు చక్రాల టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మాత్రం సరిచేసి, స్టీరింగ్‌ను నడిమికి తెచ్చి పంపారు. చేతిలో స్టీరింగ్ తిన్నగా ఉంది, కారు మాత్రం పక్కవాటంగానే నడిచింది. రోగం ఒకటి, మందు ఒకటి.

ఈ వర్క్‌షాప్‌లో నాకు బాగా నచ్చింది కొలతల పట్ల ఉన్న పట్టుదల. ముందు టైర్లలో గాలి సరిచూశారు. లిఫ్ట్ మీద నుంచి దించిన కారును నాలుగు మూలలా ఊపి, సస్పెన్షన్ తన స్థానంలో కుదురుకున్నాకే సెన్సర్లు తగిలించారు. వెనుక ఎడమ చక్రం టో ప్లస్ (లోపలికి) 0.30 డిగ్రీలు, కుడి చక్రం మైనస్ (బయటికి) 0.30 డిగ్రీలు వచ్చింది. రెండూ కలిపితే సున్నా. మొత్తం టో ఒక్కటే చూసేవారికి ఇది నిక్షేపంలా ఉన్న కారు. కానీ రెండు చక్రాలూ ఒకే వైపు, కుడికి చూస్తున్నాయి. వెనుక చక్రాలు కారును నెట్టే దిశ (థ్రస్ట్ రేఖ) కారు నడిగీత నుంచి ఎంత పక్కకు తిరిగిందో చెప్పేది థ్రస్ట్ యాంగిల్. ఆ రెండు అంకెల తేడాలో సగమే అది, అంటే 0.30 డిగ్రీలు. చక్రాల మధ్య దూరం మీటరున్నర అనుకుంటే, ఎడమ చక్రం కుడిదానికంటే సుమారు 8 మిల్లీమీటర్లు ముందుకు వచ్చినట్టు లెక్క.

యంత్రం మాట మీదే వదిలేయలేదు. ఛాసిస్ మీద రెండు వైపులా ఒకే చోట ఉండే రంధ్రాల నుంచీ, యాక్సిల్ రెండు కొసల నుంచీ దారానికి గుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టారు. ఆ గుర్తుల మధ్య దూరం టేపుతో కొలిస్తే ఎడమవైపు 8 మిల్లీమీటర్లు తక్కువ. లెక్కా కొలతా కలిశాయి.

పక్కకు జరగడం వేరే సంగతి. ఆ కొలతకు మెకానిక్ ఫెండర్ అంచును ఆధారం చేసుకోలేదు. బాడీ రేకు రెండు వైపులా సరిగ్గా ఒకలాగే ఉంటుందని నమ్మలేం. ఛాసిస్ పట్టీ నుంచి రిమ్ లోపలి అంచుకు కొలిచాడు. రెండు వైపులకూ తేడా 6 మిల్లీమీటర్లు, అంటే యాక్సిల్ జరిగింది 3 మిల్లీమీటర్లు. కారణం ప్యాన్‌హార్డ్ రాడ్. నా కారులో దాని కుడి కొస బాడీకి, ఎడమ కొస కాస్త కిందుగా యాక్సిల్‌కు ఉంటాయి. బాడీ దిగినకొద్దీ ఏటవాలు రాడ్ అడ్డంగా సాగి, యాక్సిల్‌ను ఎడమకు నెడుతుంది. మీటరు రాడ్‌లో రెండు కొసల ఎత్తు తేడా 100 నుంచి 60 మిల్లీమీటర్లకు తగ్గితే జరుగుడు దాదాపు 3 మిల్లీమీటర్లే వస్తుంది. టైరు రాసుకోవడానికి కారణం ఇది. స్టీరింగ్ వంకరకు దీనితో సంబంధం లేదు. ఈ రెండింటినీ విడదీసి చూపించినందుకే ఈ సమీక్ష రాయాలనిపించింది.

ఇక అసలు దోషి కోసం మెకానిక్ నన్ను కారు కిందకు పిలిచాడు. ఎడమ కింది ఆర్ము ముందు కొస దగ్గర ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా నొక్కాడు. ఆర్ము కొసను బోల్టుతో బిగించే రబ్బరు కీలు బుష్. దాని లోపలి ఉక్కు గొట్టం నుంచి రబ్బరు విడిపోయి, నెలవంకలా నల్లటి చీలిక తెరుచుకుంది. కడ్డీ వదిలితే మూసుకుంది. స్ప్రింగులు వేసిన చోట చక్రాలు గాలిలో వేలాడుతుండగానే ఆర్ముల బోల్టులు బిగించేశారట. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలదు. కారు నేల మీదకు దిగి ఆర్ము తిరిగినప్పుడు రబ్బరు మెలిపడి, ఆ మెలితోనే ఉండిపోతుంది. అలా నడిచి నడిచి చిరిగింది. తొక్కినప్పుడు ఒకవైపు, వదిలినప్పుడు మరోవైపు లాగడానికి కారణమూ ఇదే: చక్రం తోసినప్పుడు యాక్సిల్ ఎడమ కొస ముందుకు, వదలగానే వెనక్కు జరుగుతోంది.

రెండు వైపులా కొత్త రబ్బరు బుష్‌లు వేసి, కారు బరువు చక్రాల మీద ఉండగా బోల్టులు బిగించారు. గట్టి పాలీయూరిథేన్ బుష్‌లు వేద్దామా అంటే వద్దన్నారు. గట్టి యాక్సిల్ ఒకవైపు లేచినప్పుడు ఆర్ము కాస్త మెలి తిరగాలి, అవి ఆ మెలిని అడ్డుకుంటాయన్నారు. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు ఇదే సరైన సలహా. పాత రాడ్ స్థానంలో పొడవు మార్చుకునే ప్యాన్‌హార్డ్ రాడ్ వేసి, దాన్ని కురచ చేసి యాక్సిల్‌ను నడిమికి తెచ్చారు. చివరిగా వెనుక థ్రస్ట్ రేఖను ఆధారం చేసుకుని ముందు చక్రాలు సరిచేశారు. థ్రస్ట్ యాంగిల్ 0.02 డిగ్రీలకు దిగింది. తొక్కినా వదిలినా కారు ఇప్పుడు గీత గీసినట్టు పోతోంది. తడి రోడ్డు మీద బ్రేకు వేసేటప్పుడు ఉండే బెరుకూ పోయింది.

లోపాలూ ఉన్నాయి. చేతితో తీసిన కొలతలు రిపోర్టులో లేవు. అడిగితే విడిగా రాసిచ్చారు. యంత్రం అంకెలకంటే అవే విలువైనవి కాబట్టి అడగకుండానే ఇవ్వాలి. కారును నడిపి చూసేటప్పుడు యజమానిని పక్కన కూర్చోబెట్టుకోరు. లాగుడు ఏ వేగంలో ఎలా ఉంటుందో నోటితో చెప్పడం వేరు, చూపించడం వేరు. పని కూడా నిదానం. హడావిడిలో ఉన్నవారికి ఈ చోటు కుదరదు.

కొత్త స్ప్రింగులు వాడకంలో ఇంకాస్త దిగుతాయని, తర్వాత మళ్లీ తీసుకురమ్మని చెప్పారు. వెళితే ఎత్తు మళ్లీ కొలిచి, రాడ్‌ను అర చుట్టు సవరించి, లాక్ నట్టు మీద పసుపు రంగు గీత పెట్టారు. ఆ గీత విడిపోతే నట్టు వదులైనట్టు, వెంటనే రమ్మన్నారు.