డ్రైవర్‌కి మెమరీ: ముందే దాచుకోవాలా, అప్పటికప్పుడు అడగాలా?

భీమవరం దగ్గర మా బావ రొయ్యల చెరువుల గట్టు మీద ఒక చిన్న రికార్డర్ పెట్టె ఉంది. 512 ఎంబీ ర్యామ్ ఉన్న ఏఆర్ఎం బోర్డు, డిస్కుగా ఒక ఎస్ఎస్‌డీ, రెండు కెమెరాలు, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే ప్రోబు. ఎస్ఎస్‌డీని నడిపే చిప్పు కంట్రోలర్. దానితో లినక్స్ తరఫున మాట్లాడే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, రాసింది నేనే. పగలంతా బుద్ధిగా పనిచేసేది. తెల్లవారుజామున, సరిగ్గా చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళకి, బిగుసుకుపోయేది. "నీ పెట్టె కంటే మా కాపలా అతను రాసే పుస్తకం నయం బావా" అన్నాడు మా బావ. తప్పు ఎస్ఎస్‌డీది కాదు, నాది.

రాయమని అడిగిన ప్రతిసారీ నా డ్రైవర్ కెర్నల్‌ని, అంటే లినక్స్‌లో మెమరీ పంచిపెట్టే మూల ప్రోగ్రామ్‌ని, 1 ఎంబీ మెమరీ అడిగేది, అదీ ఒకే ముక్కగా. డేటాని అందులోకి కాపీ చేసి కంట్రోలర్‌కి అప్పజెప్పేది. బోర్డు ఆన్ చేసిన మొదటి రోజు అడిగిందల్లా దొరికింది. వారం తిరిగేసరికి ర్యామ్ ఖాళీగానే ఉన్నా ఒక్కచోట లేదు. మా వైపు వాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఐదెకరాల చెరువు తవ్వాలంటే ఒకే బిట్టు కావాలి. పాతిక సెంట్ల చొప్పున ఇరవై చోట్ల ఉంటే లెక్కకి ఐదెకరాలే, చెరువు మాత్రం తవ్వలేం. ర్యామ్‌లో పేజీ అంటే 4 కేబీ. 1 ఎంబీ కావాలంటే పక్కపక్కనే 256 పేజీలు ఖాళీగా ఉండాలి. రాత్రిపూట పాత వీడియోలని కుదించే ప్రోగ్రామ్ నడుస్తుంది కాబట్టి ఆ వేళకి అసలు దొరకవు.

మరి ఏం చేయాలి? నా ముందు మూడు దారులు కనిపించాయి.

మొదటిది, బోర్డు ఆన్ అవుతూనే కావలసినంత కోహెరెంట్ మెమరీ (ప్రాసెసర్‌కి, డిస్కుకి ఎప్పుడూ ఒకే డేటా కనిపించే చోటు) తీసుకుని అట్టే పెట్టుకోవడం. అప్పటికి ర్యామ్ ముక్కలవదు కాబట్టి దొరుకుతుంది. ఇంకా ధీమా కావాలంటే బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే సూచనల్లో) సీఎంఏకి, అంటే పెద్ద ముక్కల కోసం కేటాయించే ప్రాంతానికి, కొంత చోటు రాసివ్వచ్చు. క్యాష్ అంటే ప్రాసెసర్ తన దగ్గర ఉంచుకునే మెమరీ నకలు. దాని విషయంలో డిస్కుకి, ప్రాసెసర్‌కి మధ్య తగువు ఉండదు. వినడానికి బాగుంది కానీ ఖర్చు రెండు వైపులా ఉంది. 512 ఎంబీ బోర్డులో కట్టిపడేసిన ప్రతి ఎంబీ వేరే పనికి అందదు. పైగా క్యాష్ పొందికని హార్డ్‌వేర్ చూసుకోని ఏఆర్ఎం బోర్డుల్లో ఈ మెమరీ మామూలుగా క్యాష్‌లోకి రాదు. అందులోంచి ప్రాసెసర్ చదవాలంటే నడుము లోతు బురదలో నడిచినట్టే. వీడియోని దాని గుండా కాపీ చేయడం దండగ. అదే కంట్రోలర్ కమాండ్ క్యూకి (ఆదేశాల వరుస), డిస్క్రిప్టర్లకి (డేటా ఎక్కడుందో చెప్పే చీటీలు) అయితే ఇంతకంటే మంచిది లేదు. అవి చిన్నవి, ఎప్పుడూ ఉండేవి, ఇద్దరూ తాకేవి. మరీ చిన్న ముక్కలకి డీఎంఏ పూల్ వాడాలి (డీఎంఏ అంటే ప్రాసెసర్ చేయి పడకుండా డిస్కే మెమరీని చదవడం, రాయడం; పూల్ అంటే ఒకే సైజు ముక్కల నిల్వ), లేకపోతే 256 బైట్ల కోసం ఒక పేజీ అంతా పోతుంది. లినక్స్‌లోని ఎన్‌వీఎంఈ (ఒక రకం ఎస్ఎస్‌డీ) డ్రైవర్ చేసేదీ ఇదే. పేజీల చిరునామాల జాబితాల కోసం అది 4096 బైట్ల పూల్ ఒకటి, 256 బైట్ల పూల్ ఒకటి పెట్టుకుంటుంది.

రెండోది స్ట్రీమింగ్ మ్యాపింగ్. ఇక్కడ డేటా కోసం డ్రైవర్ కొత్తగా మెమరీ అడగదు. రాయాల్సిన డేటా అప్పటికే పేజ్ క్యాష్‌లో, అంటే ఫైళ్ల డేటాని కెర్నల్ ర్యామ్‌లో ఉంచే చోట, ఉంది కదా. ఆ పేజీలు ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా కట్టి, మ్యాప్ చేసి (డిస్కుకి అందే చిరునామాలుగా మార్చి) కంట్రోలర్‌కి ఇస్తే అదే ఏరుకుంటుంది. ఒకే బిట్టు అక్కర్లేదు, కాపీ అక్కర్లేదు. ఇలా చెదిరిన ముక్కలని ఏరుకోవడాన్ని స్కాటర్ గ్యాదర్ అంటారు, నా కంట్రోలర్‌కి అది వచ్చు. మొదట్లో దాన్ని వాడకపోవడం నా బద్ధకమే.

అయితే దీనికో కట్టుబాటు ఉంది. మ్యాప్ చేసిన క్షణం నుంచి అన్‌మ్యాప్ చేసేదాకా ఆ బఫర్ డిస్కుది, ప్రాసెసర్ ముట్టుకోకూడదు. దాళ్వాలో నీటి వంతులు చూసినవాళ్లకి అర్థమవుతుంది, వంతు నీది కానప్పుడు తూము మీద చేయి వేయకూడదు. నేను వేశాను. ఒక స్ట్రక్చర్‌లో చదివే బఫర్ పక్కనే చిన్న కౌంటర్ పెట్టాను. రెండూ ఒకే క్యాష్ లైన్‌లో, అంటే ఒకే 64 బైట్లలో పడ్డాయి. కౌంటర్‌ని మార్చినప్పుడల్లా ఆ లైను మళ్లీ క్యాష్‌లోకి వచ్చేది. డిస్కు తెచ్చిన కొత్త డేటా మీద పాతది పడేది, అదీ ఎప్పుడో ఒకసారి. మూడు రాత్రులు పోయాయి దాని మీద. డీఎంఏ బఫర్‌ని స్టాక్ (ఫంక్షన్ల తాత్కాలిక మెమరీ) మీద పెట్టకూడదు, వేరే వాటితో కలిపి పెట్టకూడదు అని పెద్దలు ఊరికే అనలేదు.

మూడోది బౌన్స్ బఫర్. ఇది మనం కోరుకునేది కాదు, మనకి తెలియకుండా వచ్చి పడేది. చేలోకి లారీ దిగదు కాబట్టి ధాన్యం ట్రాక్టర్‌లో రోడ్డు దాకా తెచ్చి అక్కడ లారీకి ఎక్కిస్తాం. కూలి రెండుసార్లు. అలాగే డిస్కు కంట్రోలర్‌కి అందని చిరునామాలో పేజీ ఉంటే కెర్నల్ దాన్ని అందే చోటికి కాపీ చేసి పంపుతుంది. లినక్స్‌లో ఈ నడిమి మజిలీకి మామూలుగా 64 ఎంబీ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై 4 మొదటి చిప్‌లో పీసీఐఈ (బయటి పరికరాలని కలిపే దారి) భాగం కింది 3 జీబీనే అందుకోగలదు, అక్కడ ఇది తప్పదు. చాలామంది మాత్రం చేజేతులా తెచ్చుకుంటారు. డ్రైవర్‌లో డీఎంఏ మాస్క్ (పరికరం ఎన్ని బిట్ల చిరునామా అందుకోగలదో) చెప్పకపోతే కెర్నల్ 32 బిట్లే అనుకుంటుంది. 64 బిట్ల చిరునామా తెలిసిన కంట్రోలర్ అయినా సరే, ఐఓఎంఎంయూ (పరికరాల కోసం చిరునామాలు మార్చిపెట్టే హార్డ్‌వేర్) లేని 8 జీబీ మెషీన్‌లో 4 జీబీ పైనున్న పేజీలన్నీ రెండు కూలీలు కట్టుకుంటాయి. ఒక్క లైను రాస్తే పోయేదానికి!

డేటాకి రెండోది, కంట్రోల్ స్ట్రక్చర్లకి (క్యూ, డిస్క్రిప్టర్లు) మొదటిది. నా ఎంపిక ఇదే. కొన్ని వందల బైట్ల సెన్సర్ లాగ్‌కైతే మ్యాప్ చేసే శ్రమ కంటే కాపీయే చవక కావచ్చు. అది బోర్డుని బట్టి కొలుచుకోవాల్సిందే.

ఇంతటితో పెట్టె బాగుపడిందా అంటే, లేదు. ఆ పేజీల జాబితా కట్టడానికి కూడా కాస్త మెమరీ కావాలి. దాన్ని నేను జీఎఫ్‌పీ కెర్నల్ ఫ్లాగ్‌తో, అంటే "కావాలంటే ఆగుతాను, ఎలాగైనా చోటు చేసి ఇవ్వు" అనే గుర్తుతో, అడుగుతున్నాను. మెమరీ నిండితే కెర్నల్ ఏం చేస్తుంది? డిస్కుకి రాయని పేజీలని రాసేసి చోటు చేద్దామని చూస్తుంది. రాయాల్సింది ఎవరు? నా డ్రైవరే. అది అప్పటికే మెమరీ కోసం కూర్చుని ఉంది. మాసూళ్లప్పుడు గోనె సంచుల సంగతి ఇలాగే ఉంటుంది. బస్తాలు కదిలితేనే సంచులు ఖాళీ అవుతాయి, సంచులు ఉంటేనే బస్తాలు కదులుతాయి. సొంతంగా నాలుగు సంచులు అటక మీద దాచుకున్నవాడి పని ఆగదు.

ఆ నాలుగు సంచులే మెంపూల్, అంటే ముందే దాచుకున్న మెమరీ. కంట్రోలర్ క్యూ లోతు 32, అంటే ఒకేసారి అన్ని ఆదేశాలు పట్టుకుంటుంది, అందుకని 32 జాబితాలకి సరిపడా ముందే పక్కన పెట్టాను. అడిగే ఫ్లాగ్‌ని జీఎఫ్‌పీ నోఐఓ చేశాను, అంటే "నా కోసం మళ్లీ డిస్కు దగ్గరికి వెళ్లొద్దు" అని. దాచినవన్నీ వాడుకలో ఉన్నా, ఒక రాత పూర్తవగానే ఒకటి తిరిగి వస్తుంది, పని నత్తనడకనైనా సాగుతుంది. ఇంతాచేసి దీనికి ఒక ఎంబీ కూడా ఖర్చు కాదు.

ఇప్పుడు పరీక్షకి వారం ఆగడం లేదు. కెర్నల్‌లో ఫెయిల్ పేజ్ అలాక్ ఆన్ చేసి కావాలనే మెమరీ దొరక్కుండా చేస్తున్నాను, డీఎంఏ డీబగ్ ఆన్ చేసి అన్‌మ్యాప్ మరచిన చోట్లు పట్టుకుంటున్నాను. ఇప్పటికి రెండు దొరికాయి. బావ మాత్రం కాపలా అతని చేత పుస్తకంలో రాయించడం ఇంకా మానలేదు.