‘సంపూర్ణ చాప్లిన్’ సెట్ కొనబోతున్నారా? కాస్త ఆగండి

ఆన్‌లైన్‌లో ‘చార్లీ చాప్లిన్ సంపూర్ణ మూకీ చిత్రాలు – 100’ అంటూ ఒక డీవీడీ సెట్ అమ్ముతున్నారు. అట్ట మీద టోపీ, చేతికర్ర, బంగారు రంగు అక్షరాలు. మా అబ్బాయికి చాప్లిన్ సినిమాలు మొదటి నుంచి వరుసగా చూపిద్దామని 2,400 రూపాయలు పెట్టి తెప్పించాను. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్లు రేపు ఇంకో పేరుతో వస్తారు. సరుకు ఎలా ఉందో చెప్తాను, ఎవరు అమ్మినా పట్టుకోవచ్చు.

ముందు ఆ వంద అన్న అంకె చూడండి. 1914లో కీస్టోన్ కంపెనీలో చాప్లిన్ చేసినవి 36. తర్వాత ఎస్సనే కంపెనీకి 14, 1916-17లో మ్యూచువల్‌కి 12, ఆపైన ఫస్ట్ నేషనల్ ఒప్పందం కింద 8. యునైటెడ్ ఆర్టిస్ట్స్ ద్వారా వచ్చిన మూకీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టాకీలు కలిపినా ఎనభై చిల్లరే అవుతాయి. పైగా కీస్టోన్ వాటిలో ‘హర్ ఫ్రెండ్ ద బాండిట్’ ప్రింటు ఇంతవరకూ ఎక్కడా దొరకలేదు. అట్ట వెనక జాబితాలో మాత్రం అదీ ఉంది! డిస్క్ వేస్తే వేరే సినిమా వచ్చింది.

మరి వంద ఎలా నింపారంటే, ఒకే సినిమాను రెండు పేర్లతో పెట్టారు. చాప్లిన్ పేరు మోగిపోయాక ఆయన కీస్టోన్ సినిమాలను పేర్లు మార్చి మళ్లీ మళ్లీ విడుదల చేశారు. ‘డో అండ్ డైనమైట్’నే ‘ద డోనట్ డిజైనర్’ అన్నారు. ఈ సెట్లో ఒకటి రెండో డిస్కులో ఉంది, ఇంకోటి ఐదో డిస్కులో ఉంది. రెండూ ఒకటే బేకరీ, ఒకటే పిండి.

దానికంటే పెద్ద మోసం, కొన్నింటిలో ఉన్నది అసలు చాప్లినే కాదు. కీస్టోన్‌లో వారానికి 150 డాలర్ల జీతంతో చేరిన మనిషి, రెండేళ్లు తిరిగేసరికి మ్యూచువల్ దగ్గర వారానికి 10,000 డాలర్లు, ఆపైన 1,50,000 బోనస్ తీసుకున్నాడు. అంత గిరాకీ ఉంటే నకిలీలు రాకుండా ఉంటారా? బిల్లీ వెస్ట్ అనే నటుడు అదే మీసం, అదే నడకతో వరుసగా సినిమాలు చేశాడు. నిజం చెప్పాలంటే బాగానే చేశాడు, అందుకే తికమక. గుర్తుపట్టడానికి ఒక సులువు ఉంది. ‘చాప్లిన్’ పక్కన లావుపాటి విలన్‌గా లారెల్-హార్డీ జంటలోని ఆలివర్ హార్డీ కనిపిస్తే అది బిల్లీ వెస్ట్ సినిమా. హార్డీ చాప్లిన్‌తో ఎప్పుడూ నటించలేదు. మ్యూచువల్ సినిమాల్లో ఆ లావుపాటి విలన్ ఎరిక్ క్యాంప్‌బెల్. ఇంకో అనుకరణ నటుడు ఏకంగా ‘చార్లీ ఆప్లిన్’ అని పేరు పెట్టుకుంటే చాప్లిన్ కోర్టుకెళ్లి 1925లో గెలిచాడు.

అన్ని కేసులూ గెలవలేదు. ‘కార్మెన్’ అనే పాటల నాటకం కథ మీద పేరడీగా ఆయన రెండు రీళ్లలో తీసినదాన్ని, ఆయన ఎస్సనే వదిలి వెళ్లగానే వాళ్లు వేరే నటులతో సీన్లు తీసి అతికించి నాలుగు రీళ్లు చేశారు. దావా వేశాడు, ఓడిపోయాడు. 1918లో మిగిలిపోయిన ముక్కలన్నీ కుట్టి ‘ట్రిపుల్ ట్రబుల్’ అని వదిలారు. సెట్లో ఇవి ఉండటం తప్పని నేను అనను, కానీ అసలు సంగతి అట్ట మీద ఒక్క ముక్కైనా రాయాలి కదా.

ఇక బొమ్మ. పాతకాలపు ఫ్రేము దాదాపు నలుచదరంగా ఉంటుంది. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీకి సరిపెట్టడానికి పైనా కిందా కోసేశారు. పైన టోపీ పోయింది, కింద బూట్లు పోయాయి. చాప్లిన్ సినిమాలో బూట్లు కనపడకపోతే ఇంకేం చూస్తాం? వేగం కూడా చెడిపోయింది. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవారు, కొంత వేగం ఆయన కావాలని పెట్టుకున్నదే. ఇక్కడ దాని మీద ఇంకా పరిగెత్తించారు. మధ్యమధ్యలో మాటలు రాసి చూపే టైటిల్ కార్డు చదివేలోపే వెళ్లిపోతోంది.

నాకు ఎక్కువ మండింది ‘సిటీ లైట్స్’ దగ్గర. 1931 నాటికి టాకీలు వచ్చేశాయి. అయినా ఆయన మూకీగానే తీసి, సంగీతం చాలావరకు తానే కట్టి, ఫిల్ముతో పాటే రికార్డు చేయించాడు. మొదటి సీన్లో విగ్రహావిష్కరణకు వచ్చిన పెద్దమనుషులు ఉపన్యాసం ఇస్తుంటే మాటలకు బదులు పీపీ ఊదినట్టు కీచుమనే శబ్దం వస్తుంది. టాకీల మీద ఆయన వేసిన చురక అది. వీళ్లు ఆ సౌండ్ మొత్తం తీసేసి ఎక్కడిదో పియానో ముక్క పెట్టారు. పెద్దాయన నోరు ఆడిస్తున్నాడు, పియానో మోగుతోంది, మావాడు ‘ఇందులో జోకేంటి నాన్నా’ అంటున్నాడు.

‘ద గోల్డ్ రష్’ విషయంలో ఇంకో మెలిక ఉంది. అట్ట మీద 1925 అని ఉంటుంది, లోపల మాత్రం 1942లో చాప్లిన్ టైటిల్ కార్డులు తీసేసి, తన గొంతుతో కథ చెబుతూ, చివరి ముద్దు కూడా కత్తిరించి మళ్లీ విడుదల చేసింది. అదీ ఆయన చేతిదే, చూడదగ్గదే. కానీ మూకీ కావాలని కొన్నవాళ్లకు అది మూకీ కాదు. నిడివి గంటా పన్నెండు నిమిషాలుంటే 1942ది. పాతది గంటన్నర దాటుతుంది.

అమ్మినవాళ్లకు ఇవన్నీ రాసి పంపితే ‘సీలు తీశాక వాపస్ లేదు సార్’ అన్నారు. సీలు తీయకుండా లోపలేముందో ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు. అమ్మకం జరిగిన యాప్‌లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా నడుస్తోంది.

కొనే ఆలోచన ఉంటే ముందు అట్ట వెనక ఫొటో అడిగి తెప్పించుకోండి. ప్రతి సినిమాకూ ఏడాది, నిడివి, ప్రింటు ఎవరు బాగుచేశారో రాసి ఉండాలి. కీస్టోన్, ఎస్సనే, మ్యూచువల్ సినిమాలను ఇటలీలో బొలోన్యా ఫిల్మ్ ఆర్కైవ్, పారిస్‌లో లాబ్‌స్టర్ ఫిల్మ్స్ లాంటివాళ్లు కలిసి ప్రపంచమంతా ప్రింట్లు వెతికి బాగుచేశారు. ఆ ప్రింట్లతో వచ్చిన సెట్లు ఖరీదెక్కువ, అన్నీ ఒకే పెట్టెలో రావు, కంపెనీని బట్టి విడివిడిగా దొరుకుతాయి. అన్నీ ఒక్కసారే అక్కర్లేదనుకుంటే మ్యూచువల్ 12తో మొదలుపెట్టండి. పార్శిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోవడం మర్చిపోకండి, ఫిర్యాదులో మొదట అదే అడుగుతున్నారు.