బెంగళూరు నుంచి గన్నవరం: విమానంలో నిజంగా ఎంతసేపు పడుతుంది?

మారతహళ్లిలో ఉంటాం. ఏళ్లుగా విజయవాడకి విమానంలోనే వెళ్లొస్తున్నాను. రెండు విమానాశ్రయాల మధ్య దూరం దాదాపు 500 కిలోమీటర్లు. అది ఆకాశంలో తిన్నగా కొలిచిన దూరం, రోడ్డు మీదైతే 650కి అటూఇటూ. కొన్ని సైట్లు ఆ 500ని విమానం వేగంతో భాగించేసి నలభై నిమిషాలని చూపిస్తాయి. దాన్ని నమ్మి ప్లాన్ వేసుకోకండి.

టికెట్ మీద గంటంపావు నుంచి గంటన్నర దాకా రాసి ఉంటుంది. గేటు వదిలి రన్‌వే దాకా పోవడం, దిగాక ఆగే చోటికి రావడం కూడా అందులోవే. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లిలో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. తూర్పుగాలి వీస్తుంటే విమానం గాలికి ఎదురుగా అటే లేచి మన దారి పట్టేస్తుంది. పడమటి గాలి వీచే వానాకాలంలో ముందు పడమరకి లేచి, వెనక్కి తిరగాలి. కిటికీ పక్క సీటైతే ఆ మలుపు బాగా తెలుస్తుంది. రెక్క వాలిపోయి, కిటికీ నిండా నేలే కనిపిస్తుంది.

బుక్ చేసేటప్పుడు ఏ విమానమో తప్పకుండా చూడండి. ఎయిర్‌బస్ గంటకి 800 కిలోమీటర్లు దాటి పోతుంది, రెండు ఫ్యాన్ల ఏటీఆర్ 500 దగ్గరే. పైన సామాను అరలు కూడా ఏటీఆర్‌లో చిన్నవి, పెద్ద బ్యాగు పట్టదు.

అసలు టైమంతా నేల మీదే పోతుంది. తెల్లవారుజామున మా ఇంటి నుంచి గంటలోపే విమానాశ్రయం చేరతాను. అదే సాయంత్రమైతే రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. హెబ్బాళ దగ్గర ఇరుక్కుంటే టెన్షనే, అందుకే నేను హెణ్ణూరు, బాగలూరు మీదుగా పోతాను. బ్యాగు చెక్-ఇన్ చేయాలంటే కౌంటర్ గంట ముందే మూసేస్తారు. 2022 డిసెంబరులో డిజియాత్ర (ముఖం స్కాన్ చేసి లోపలికి పంపే పద్ధతి) వచ్చాక లోపలికి పోయే లైను మాత్రం బాగా తగ్గింది, చాలా మేలు చేసింది. గన్నవరం చిన్నది కాబట్టి సామాను త్వరగా వస్తుంది. అక్కడి నుంచి బెంజ్ సర్కిల్‌కి ఇంకో ఇరవై కిలోమీటర్లు.

అన్నీ కలిపితే గడప నుంచి గడపకి ఐదు గంటలు. రాత్రి బస్సుకి పన్నెండు గంటలవుతుంది కాబట్టి నాకు ఇదే నయం. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకి మాత్రం విమానాశ్రయం ఊరికి ఆ చివర. టికెట్ ధర మండిపోయే సంక్రాంతి రోజుల్లో వాళ్లు రైలుకే ముందుగా బుక్ చేసుకోవడం మంచిది.

డిసెంబరు, జనవరిల్లో మొదటి విమానం వద్దు. పొద్దున్నే రెండు చోట్లా పొగమంచు పడుతుంది, గంటలు గంటలు కూర్చోబెట్టేస్తారు. అమ్మానాన్నల్ని తీసుకొచ్చేటప్పుడు నేను మధ్యాహ్నం విమానమే చూస్తాను. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెడితే దానికి వేరే డబ్బు అక్కర్లేదు, మనిషి వచ్చి లోపలిదాకా తీసుకెళ్తాడు.