‘గంటలో జీకోడ్’ పెద్దమనిషికి డబ్బులు పంపేముందు ఇది చదవండి

రాత్రే జరిగింది. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, మాట తూలితే ఏమనుకోకండి.

చెక్క చెక్కే సీఎన్‌సీ మెషిన్లున్నవాళ్ల దగ్గర ‘డీఎక్స్‌ఎఫ్ పంపండి, గంటలో జీకోడ్ రెడీ’ అని తిరిగే ఆయన మీకందరికీ తెలుసు, పేరెందుకులే. డీఎక్స్‌ఎఫ్ అంటే మనం గీసిన బొమ్మ ఫైలు, జీకోడ్ అంటే మెషిన్ ఎటు ఎంత కదలాలో చెప్పే ఆజ్ఞల ఫైలు. బావగారి గృహప్రవేశానికి పూజామందిరం తలుపు, 18 మి.మీ. టేకు పలక, మధ్యలో నెమలి. గీయడం నాకొచ్చు, టూల్‌పాత్‌లంటేనే, అదే చెక్కే బిట్ నడిచే దారులు వెయ్యడమంటేనే, బద్ధకం. 1200 ఫోన్‌పే చేశాను. ఏ బిట్ వాడుతున్నావని ఆయన అడగనే లేదు. అప్పుడే అనుమానం రావాలి నాకు!

‘సిమ్యులేషన్ చేశారా అన్నా?’ అని, అంటే కంప్యూటర్ తెరమీద ఉత్తుత్తిగా చెక్కించి చూశారా అని అడిగితే వెంటనే స్క్రీన్‌షాట్ పంపాడు. చూసి మురిసిపోయాను.

స్టార్ట్ నొక్కగానే జెడ్, అదే బిట్‌ని పైకీ కిందికీ కదిపే భాగం, పైకి లేచింది. లేస్తూనే ఉంది. పైన తగిలి కటకటమంటోంది, మోటారు మాత్రం ఆగదు. నాది ఇంట్లో చేసుకున్న మెషిన్, చివరికి తగలగానే ఆపే లిమిట్ స్విచ్‌లు లేవు. ఫైల్లో అంకెలన్నీ మిల్లీమీటర్లే, పైన మాత్రం జీ20, అంటే అంగుళాలు. 5 మి.మీ. లేవాల్సింది 5 అంగుళాలు, అంటే 127 మి.మీ. లేవబోయింది. నా జెడ్ మొత్తం కదిలేదే 60. స్టెప్పర్ మోటారు దారిలో ఆగిపోయినా మెషిన్‌ని నడిపే ఆర్డుయినో బోర్డుకి తెలియదు కదా, నిజంగానే 127 ఎక్కేశాననుకుని అక్కణ్నుంచి లెక్కపెట్టి దిగింది. పలకలోంచి కింది బల్లలోకి! 6 మి.మీ. కార్బైడ్ బిట్ టప్పుమంది. నేను ఎమర్జెన్సీ బటన్ వెతికేసరికి అయిపోయింది.

ఫోన్ చేశాను. అరవలేదు కూడా, ‘అన్నా, జీ20 పడింది, సరిచేసి పంపండి, పలక నా ఖర్మ’ అన్నాను. ఆయన నవ్వాడండీ. నవ్వి, ‘సొంతంగా అతికించుకున్న డబ్బా మెషిన్లకి నేను గ్యారంటీ ఇవ్వను తమ్ముడూ. ముందు మంచి మెషిన్ కొనుక్కో’ అన్నాడు. పెట్టేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్.

పలక పోయినందుకు కాదు, ఆ నవ్వుకి రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే ఆ స్క్రీన్‌షాట్ మళ్లీ తీసి చూశాను. అందులో ఉన్నది నెమలి కాదు, తామరపువ్వు! ఎవరిదో పాత పని. కళ్లుండీ చూడలేదు, ఇంజినీరుగారిని మరి.

సరే, మీకోసం. ఎవరు ఫైలిచ్చినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి కొన్ని లైన్లు చూడండి, మిల్లీమీటర్లయితే జీ21 ఉండాలి. మొదటిసారి బిట్ తీసేసి, స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు) ఆపి, గాల్లో నడిపించండి. చెయ్యి ఎమర్జెన్సీ బటన్ మీదే ఉండాలి. అసలు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో జీకోడ్ తయారుచేసే జీకోడ్‌టూల్స్ ఉచితంగానే ఉంది, ఒక ఆదివారం కూర్చుంటే వచ్చేస్తుంది. ఆ ఆదివారం మిగుల్చుకుందామనే కదా నేను 1200 తగలేసింది.

టింబర్ డిపోకి బయల్దేరుతున్నా. బావగారికి ఇంకా చెప్పలేదు.