బోరు చేయించిన మోరిస్ మైనర్ ఇంజన్: ఆరేళ్లు, 38 వేల కిలోమీటర్ల తరువాత

పాత కారు ఇంజన్ బోరుకు (అరిగిన సిలిండర్లను కోసి కొంచెం పెద్దవి చేయడానికి) వచ్చినప్పుడు, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారికి రెండు దారులు కనిపిస్తాయి. వేరే బండిలోంచి దించిన ఇంజన్‌ను కొని బిగించుకోవడం ఒకటి, ఉన్న ఇంజన్‌నే విప్పి బాగుచేసుకోవడం రెండోది. నేను మొదటి దారిలో వెళ్లి నష్టపోయి రెండోదానికి వచ్చాను. కాబట్టి ఈ సమీక్షలో రెండింటి గురించీ చెబుతాను. అయితే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది రెండోదాని గురించే, ఎందుకంటే ఆ ఇంజనే ఇప్పటికీ కారులో ఉంది.

కారు మోరిస్ మైనర్ 1000, ఇంజన్ 1098 సీసీ ఏ-సిరీస్. 1951లో ఆస్టిన్ ఏ30తో మొదలైన ఈ ఇంజన్ కుటుంబం 2000లో పాత మినీ ఉత్పత్తి ఆగేవరకు రకరకాల పరిమాణాల్లో తయారవుతూనే ఉంది. అందువల్ల పిస్టన్లు, బేరింగ్ షెల్స్ (తిరిగే ఇరుసుకు ఆనికగా ఉండే పలచని లోహపు తొడుగులు), గాస్కెట్లు నేటికీ కొత్తవే దొరుకుతాయి. నా పని తక్కువ ఖర్చులో పూర్తయిందంటే దానికి మొదటి కారణం ఇదే. విడిభాగాలు దొరకని అరుదైన ఇంజన్ ఉన్నవారికి నా లెక్క వర్తించదు.

పని మొదలుపెట్టే నాటికి ఇంజన్ 500 కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిలు తాగుతోంది, ఏటవాలు దిగి మళ్లీ యాక్సిలరేటర్ నొక్కగానే వెనక నీలిపొగ కమ్ముకుంటోంది. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) నాలుగు సిలిండర్లలో వరుసగా 150, 95, 110, 140 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) వచ్చింది. రెండో సిలిండర్‌లో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తే ముల్లు గణనీయంగా పైకి లేచింది. లోపం వాల్వుల్లో కంటే రింగుల్లోనూ సిలిండర్ గోడల్లోనూ ఉందని దానితో తేలింది.

అయినా ఇంజన్ విప్పడానికి భయపడి, అదే 1098 సీసీ ఇంజన్ ఒకటి అమ్మకానికి కనబడితే కొన్నాను. కొనేముందు కంప్రెషన్ చూశాను, నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉన్నాయి. అంతటితో తృప్తిపడ్డాను. నేను చేసిన పొరపాటు అదే. కంప్రెషన్ పరీక్ష పిస్టన్లు, రింగులు, వాల్వులు, హెడ్ గాస్కెట్ సంగతి చెబుతుందే తప్ప, క్రాంకు షాఫ్టు (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు), బేరింగుల సంగతి చెప్పదు. బిగించిన తరువాత 1,100 కిలోమీటర్లకే, ఇంజన్ వేడెక్కి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఆయిలు ప్రెషర్ లైటు మిణుకుమనడం మొదలైంది. క్లచ్ నొక్కిన ప్రతిసారీ ఇంజన్ శబ్దం మారుతోంది. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి క్లచ్ నొక్కించి, నేను బానెట్ ఎత్తి చూస్తుండగా, ముందున్న క్రాంకు పుల్లీ కంటికి కనిపించేంతగా ముందుకు జరిగి, పెడల్ వదలగానే వెనక్కి వెళ్లింది. ఈ ఇంజన్‌లో క్రాంకు ముందు వెనకలకు జరగకుండా ఆపేవి నడిమి మెయిన్ బేరింగ్‌కు రెండు వైపులా ఉండే నాలుగు అర్ధచంద్రాకారపు థ్రస్టు వాషర్లు. వాటితో ఉండవలసిన ఆట అంగుళంలో వెయ్యింట 2 నుంచి 3 వంతులు మాత్రమే. సంపు (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) విప్పి చూస్తే ఆ వాషర్లు రేకుల్లా అరిగిపోయి ఉన్నాయి, షెల్స్ మీది బూడిదరంగు పొర పోయి కింది రాగి బయటపడింది. అమ్మినవారు ఉన్నది ఉన్నట్టు ఇచ్చామని తప్పుకున్నారు. ఆ డబ్బు తిరిగి రాలేదు.

పాత ఇంజన్ కొనదలచినవారు కనీసం పుల్లీని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి, వీలైతే సంపు విప్పించి ఒక బిగ్ ఎండ్ షెల్ (కనెక్టింగ్ రాడ్ క్రాంకుకు కలిసే చోటి షెల్) చూడాలి. ఈ రెంటికీ ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దని నా గట్టి అభిప్రాయం.

మిడ్జెట్, మారినా కార్లలో వచ్చిన 1275 సీసీ ఇంజన్ పెట్టుకోవాలన్న ఆలోచన కూడా చేశాను. పెరిగిన శక్తికి తగ్గట్టు బ్రేకులు కూడా మార్చాలి కాబట్టి బడ్జెట్ అక్కడితో ఆగదు. మినీ ఇంజనైతే అడ్డంగా కూర్చుంటుంది, గేరుబాక్సు దాని సంపులోనే ఉంటుంది. మైనర్‌లో అది నేరుగా సరిపోదు.

చివరకు నా కారుతో వచ్చిన అసలు ఇంజన్‌నే విప్పాను. విప్పడం, కడగడం, తిరిగి బిగించడం నేనే చేసి, కొలతలూ మెషిన్ పనులూ మాత్రం లేతు షాపుకు అప్పగించాను. మొత్తం ఖర్చులో సగానికి పైగా ఆ షాపుకే వెళ్లింది, అందులో ఒక్క పైసా గురించి కూడా నాకు విచారం లేదు. తక్కువ ఖర్చు అంటే మన శ్రమతో కూలి మిగుల్చుకోవడమే తప్ప కొలతలు మానేయడం కాదని నేను నమ్ముతాను.

హెడ్ తీసిన రోజున సిలిండర్ పై అంచు లోపల వేలిగోరు జార్చితే, పై రింగు ఆగే చోట గోరు ఒక మెట్టుకు తగిలి ఆగిపోయింది. ఆ మెట్టు ఉన్నప్పుడు కొత్త రింగులు మాత్రమే వేసి సరిపెట్టుకుంటే పై రింగు దానికి కొట్టుకుని విరిగే ప్రమాదం ఉంది. రింగులు మారిస్తే చాలని సలహా ఇచ్చినవారున్నారు, కానీ ఆ మెట్టు తగిలిన తరువాత నేను ఆ మాట పట్టించుకోలేదు. షాపులో కొలిచి, ప్రామాణికంగా 64.58 మి.మీ. ఉండే సిలిండర్లను అంగుళంలో వెయ్యింట 20 వంతులు, అంటే దాదాపు అర మిల్లీమీటరు పెద్దవిగా బోరు చేయాలని తేల్చారు. పిస్టన్లు ముందుగా కొని చేతికిచ్చిన తరువాతే బోరు మొదలుపెట్టనిచ్చాను. ప్రతి పిస్టన్‌నూ కొలిచి దానికి తగ్గట్టు సిలిండర్ చేయాలి, పెట్టె మీది అంకెను నమ్మి ముందే బోరు చేసేయకూడదు. క్రాంకుకు పగుళ్లు లేవని పరీక్షించి, అంగుళంలో వెయ్యింట 10 వంతుల మేర గ్రైండింగ్ చేశారు.

బ్లాకు తిరిగి వచ్చిన తరువాత కడగడానికే ఒక రోజంతా పట్టింది. కోర్ ప్లగ్గులు (బ్లాకు నీటి గదుల రంధ్రాలకు వేసిన మూతలు) తీసి, వంచిన తీగతో నీటి గదుల్లో గెలికితే వెనక సిలిండర్ చుట్టూ తుప్పు, ఒండ్రు కలిసి గట్టిపడిన ముద్దలు దోసిళ్లకొద్దీ బయటకు వచ్చాయి. వేసవిలో ఈ కారు ఎందుకు వేడెక్కిపోయేదో అప్పుడు అర్థమైంది. షాపువారు కడిగే ఇచ్చామన్నారు. కానీ సిలిండర్ గోడను తెల్లగుడ్డతో తుడిస్తే బూడిదరంగు మరక అంటింది. బోరు చేశాక గోడను సానబట్టే హోనింగ్ రాయి వదిలిన ఆ పొడి రింగులనూ షెల్స్‌నూ గరుకు కాగితంలా తినేస్తుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో నాలుగుసార్లు కడిగాకే గుడ్డ తెల్లగా వచ్చింది. తడి ఆరీ ఆరకముందే తుప్పు పడుతుంది కాబట్టి వెంటనే ఆయిలు రాశాను.

బిగింపు విషయంలో చెప్పవలసింది తక్కువే. షెల్స్‌లో ఖాళీని ప్లాస్టిక్ గేజి దారంతో కొలిచి చూశాను. థ్రస్టు వాషర్ల ఆయిలు గాళ్లు క్రాంకు వైపు ఉండాలి, వెనకాముందులయితే కొత్తవి కూడా త్వరగా పోతాయి. క్యామ్ షాఫ్టు కదలికను వాల్వుల వైపు అందించే టాపెట్లను ఏ రంధ్రంలోంచి తీసినవి ఆ రంధ్రంలోకే చేర్చాను, ఎందుకంటే పాత క్యామ్ షాఫ్టునే వాడుకున్నాను. ఆయిలు పంపు మాత్రం కొత్తది వేశాను. మొదటిసారి స్టార్టు చేసేముందు స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ప్రెషర్ గేజి ముల్లు లేచేవరకు స్టార్టర్‌తో తిప్పాను.

హెడ్‌లో ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్లు వేయించాను. సీసం కలిపిన పెట్రోల్ వాడిన రోజుల్లో ఆ సీసమే వాల్వు సీట్లను కాపాడేది. 2021లో అల్జీరియా కూడా మానేయడంతో రోడ్డు మీది కార్లకు అది ప్రపంచంలో ఎక్కడా అమ్మకంలో లేకుండా పోయింది. మెత్తటి సీట్లు సీసం లేని పెట్రోల్‌కు అరిగి, వాల్వు పైకి లోతుగా కూరుకుపోతుంది, టాపెట్ ఖాళీ (వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) తగ్గిపోతూ వస్తుంది. ఈ ఆరేళ్లలో నేను టాపెట్ ఖాళీని చూసిన దాదాపు ప్రతిసారీ వెయ్యింట 12 వంతుల ఫీలర్ బ్లేడు కొద్దిపాటి పట్టుతో జారింది. సర్దుబాటు అవసరమైంది రెండుసార్లు మాత్రమే.

పొదుపు చేసి పశ్చాత్తాపపడిన చోట్లు కూడా చెప్పాలి. టైమింగ్ చెయిన్ బాగానే ఉందని పాతదే వేశాను. ఆ ఒంటివరుస చెయిన్ చక్రానికి ఇరువైపులా ఉండే రబ్బరు వలయాలే దాన్ని బిగువుగా ఉంచుతాయి. నావి వయసు మీద పడి గట్టిపడి ఉన్నాయి. 20 వేల కిలోమీటర్లు దాటాక ముందు నుంచి గలగల శబ్దం మొదలైంది, రేడియేటర్ దించి కవర్ విప్పి జోడు వరుసల చెయిన్ సెట్టు వేయవలసి వచ్చింది. ఇంజన్ బల్ల మీద ఉన్నప్పుడు అది గంట పని. చవక రకం వాటర్ పంపు రెండో ఏడాదే కారింది. క్రాంకు, ఫ్లైవీల్ బ్యాలెన్సింగ్ చేయించకుండా వదిలేసినందుకు, 95 కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగ్‌లో ఒక సన్నని వణుకు నేటికీ ఉంది.

38 వేల కిలోమీటర్ల తరువాత కంప్రెషన్ నాలుగింటిలోనూ 165కూ 170కూ మధ్య ఉంది, కొత్తలో 175 ఉండేది. వేడి మీద నడుస్తున్నప్పుడు ఆయిలు ప్రెషర్ 55, ఐడిలింగ్‌లో 18. ఒక లీటరు ఆయిలు ఇప్పుడు సుమారు 3 వేల కిలోమీటర్లకు సరిపోతోంది. క్రాంకు వెనకవైపు రబ్బరు సీలు లేకుండా మరచుట్టు గాడితోనే ఆయిలును తిరిగి ఇంజన్ లోపలికి నెట్టే ఏర్పాటు ఉన్నందున, రాత్రంతా ఆగిన చోట రెండు మూడు చుక్కలు కనబడతాయి. పక్కనున్న టాపెట్ కవర్ల గాస్కెట్లు మార్చాక అటువైపు కారడం ఆగింది.

నేను కొని మోసపోయిన ఆ రెండో ఇంజన్ షెడ్డులో బల్ల కింద ఉంది. దాని క్రాంకు గ్రైండింగ్‌కు ఇక మిగల్లేదు, కానీ బ్లాకు ఇంకా ప్రామాణిక బోరులోనే ఉంది. దాన్ని కడిగి, ఆయిలు రాసి, గుడ్డ చుట్టి పెట్టాను.