బెలూం, గుత్తికొండ, బొర్రా: గుహజీవులను చూడాలనుకునేవారికి ఏది మేలు?

మన గుహలకు వెళ్లేవారిలో ఎక్కువ మంది రాతి ఆకారాల కోసమే వెళ్తారు. శివలింగం, వేయి పడగలు, ఊడలమర్రి అంటూ గైడు చూపించిన రూపాలను చూసి, ఫొటోలు దిగి తిరిగివస్తారు. నేను బెలూం, గుత్తికొండ, బొర్రా గుహలకు ఒకదాని తరువాత ఒకటిగా వెళ్లింది మాత్రం వాటిలో బతికే ప్రాణుల కోసం. ఆ దృష్టితో చూసినప్పుడు వరుస తలకిందులైంది. సౌకర్యాలలో ముందున్న బెలూం జీవుల విషయంలో వెనకబడింది. ఏ సౌకర్యమూ లేని గుత్తికొండ అన్నిటికంటే ముందు నిలిచింది.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహల మీద కొండ లేదు. చదునైన నేలలో బావుల్లాంటి గుంతలు కనిపిస్తాయి, వాటిలో ఒకదాని నుంచి మెట్లు దిగాలి. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహలను నమోదు చేశాడు. దాదాపు వందేళ్ల తరువాత జర్మనీకి చెందిన హెర్బర్ట్ డేనియల్ గెబావర్ బృందం లోపలి దారులను కొలిచింది. మొత్తం 3,229 మీటర్ల పొడవులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల వరకు సందర్శకులు నడవవచ్చు. దారి చదును చేసి ఉంది, దీపాలున్నాయి, ఉక్కపోసే చోట్లకు బయటి గాలిని పంపే ఏర్పాటు ఉంది. పిల్లలతో వెళ్లేవారికి ఈ మూడింటిలో నేను మొదట చెప్పేది బెలూమే. బసకు తాడిపత్రి అనువుగా ఉంటుంది. రైలు దిగేది అక్కడే, భోజనానికీ ఇబ్బంది లేదు. అయితే గుహల దగ్గరికి బస్సులు తక్కువ కనుక తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడుకోవాలి.

జీవుల కోసం వెళ్లినవారికి మాత్రం బెలూం తక్కువే చూపిస్తుంది. ముఖద్వారం దగ్గర పావురాలు, వెలుతురు చేరని పక్క సందుల్లో గబ్బిలాలు తప్ప నాకు పెద్దగా ఏమీ కనిపించలేదు. గుహలో ఎండ ఉండదు కనుక పచ్చని మొక్క ఉండదు. వరద నీటితో కొట్టుకువచ్చిన ఆకులు, గబ్బిలాల పెంట, అప్పుడప్పుడు చచ్చిన పురుగు, వీటి మీదే లోపలి బతుకంతా ఆధారపడి ఉంటుంది. ఇంత పొదుపైన చోట దీపం వెలిగిస్తే దాని చుట్టూ రాతి మీద నాచు పెరుగుతుంది, అంతవరకు అక్కడ లేని ఆహారం పుడుతుంది, చీకటికి అలవాటుపడిన జీవుల మధ్యకు బయటి జీవులు చేరతాయి. సుమారు 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగ వద్ద నీరు రాతిలోకి జారి మాయమయ్యే చోట చాలాసేపు నిలబడ్డాను. గుహలో అసలైన జీవం ఉండేది అలాంటి నీటిలోనే.

పల్నాడు జిల్లా పిడుగురాళ్ల మండలంలోని గుత్తికొండ బిలానికి వెళ్లాక ఆ మాట మరింత గట్టిగా అనిపించింది. కాలయవనుణ్ణి చూపుతో భస్మం చేసిన ముచికుంద మహర్షి నిద్రించిన గుహ ఇదేనని ఇక్కడివారి నమ్మకం. తొలి ఏకాదశికి వేలాది భక్తులు వచ్చి లోపలి నీటిలో స్నానం చేస్తారు. 1969లో నక్సలైటు ఉద్యమ నాయకుడు చారు మజుందార్ ఇక్కడే రహస్య సమావేశం జరిపాడన్నది కూడా ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. ఇన్ని కథలున్న ఆ నీటిలోనే ఉన్న అసలు అద్భుతం మాత్రం చాలామంది చెవిన పడలేదు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జార్జ్ విల్సన్ 2011లో ఈ గుహ నుంచి ఒక కొత్త జీవిని లోకానికి పరిచయం చేశారు. దాని పేరు ఆంధ్రకాయిడెస్ షాబుద్దీన్. రొయ్యలు, పీతలు చేరిన క్రస్టేషియన్ వర్గంలోని ఐసోపాడ్ అది. చూపు లేదు, ఒంటికి రంగు లేదు. దాని దగ్గరి చుట్టాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. మన భూభాగమూ ఆస్ట్రేలియా గోండ్వానా ఖండంలో కలిసి ఉన్న కాలం నాటి వంశం అది. ఖండాలు విడిపోయి పది కోట్ల ఏళ్లు దాటినా ఆ వంశం పల్నాటి సున్నపురాయి కింది నీటిలో నిలిచి ఉంది. ఆ సంగతి తెలిసి ఆ మడుగు ఒడ్డున కూర్చోవడం వేరే అనుభవం. జీవి నాకు కనిపించలేదు, కనిపించాలని నీటిని కలపనూ లేదు.

ఇక్కడ సౌకర్యాల గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. టార్చి, రెండో టార్చి, జారని చెప్పులు, దారి తెలిసిన ఊరి మనిషి, ఈ నాలుగూ లేకుండా లోపలికి వెళ్లకూడదు. చీలిపోయే సొరంగాలు చాలా ఉన్నాయి. నాతో వచ్చిన పెద్దాయన ఎక్కడ వంగాలో, ఎక్కడ ఆగాలో అడుగడుగునా చెబుతూ నడిపించారు. ఆయనకు ఇచ్చిన డబ్బు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా సార్థకమైన ఖర్చు. రాత్రి బసకు పిడుగురాళ్లలో సాధారణ లాడ్జీలున్నాయి. కుటుంబంతో వెళ్లేవారు నరసరావుపేటలో దిగడం మంచిది.

బొర్రా గుహల దారే ఒక యాత్ర. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలు సొరంగాలు దాటుకుంటూ అనంతగిరి కొండలెక్కి బొర్రా గుహలు స్టేషనులో దించుతుంది. అక్కడినుంచి గుహ దగ్గరే. ముఖద్వారం చాలా విశాలమైనది కనుక పగటి వెలుతురు కొంత దూరం లోపలికి వస్తుంది. వెలుగు, మసక, చీకటి అనే మూడు మండలాలను కంటితో పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. పైకప్పు చీకట్లలో గబ్బిలాలు గుంపులుగా వేలాడుతుంటాయి. రాతి సందుల్లో ఉండే అరుదైన బంగారు బల్లి కూడా ఈ ప్రాంతంలో నమోదైంది. అది రాత్రి తిరిగే జీవి కనుక పగటి సందర్శకుడికి కనిపించడం కష్టం. హాబ్రోబాథినెల్లా బొర్రాయెన్సిస్ అనే సూక్ష్మ క్రస్టేషియన్‌ను కూడా శాస్త్రవేత్తలు ఈ గుహ నుంచే వర్ణించారు.

ఇంత సంపద ఉన్నచోట రంగురంగుల దీపాలు, ప్రతిధ్వని కోసం కేకలు వేసే గుంపులు నన్ను బాధపెట్టాయి. ఆడ గబ్బిలం సాధారణంగా ఒక కాన్పులో ఒక్క పిల్లనే కంటుంది. పిల్లతో వేలాడుతున్నప్పుడు బెదిరి ఎగిరితే ఆ పిల్ల కిందపడే ప్రమాదం ఉంది. నాకు దారి చూపిన గిరిజన యువకుడు గబ్బిలాలున్న చోటికి రాగానే టార్చిని నేలకు తిప్పి గొంతు తగ్గించాడు. అలాంటి గైడ్ దొరికితే మరికొంత ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. గుహ బయట బొంగులో చికెన్ వేడివేడిగా దొరుకుతుంది, రుచి బాగుంది. బసకు అరకు లోయలో గదులు ఎక్కువే కానీ సెలవు దినాల్లో అద్దెలు చాలా పెరుగుతాయి. గుహకు దగ్గరగా, ప్రశాంతంగా ఉండే అనంతగిరే నాకు నచ్చింది.

మూడింటికీ వెళ్లే వీలున్నవారు ముందు బొర్రా, తరువాత బెలూం, చివర గుత్తికొండ చూడాలి. బొర్రాలో కన్ను చీకటికి అలవాటుపడుతుంది, బెలూంలో ఇరుకు దారుల భయం పోతుంది, ఆ రెండూ ఉంటేనే గుత్తికొండలో నిబ్బరంగా నడవగలం. పండుగ రోజుల్లో కాకుండా వాన తగ్గిన తరువాత, చలికాలంలో వెళ్లడం మేలు. సబ్బు, షాంపూ, అగరుబత్తి ఏదీ గుహలోకి తీసుకువెళ్లకూడదు. గుత్తికొండ మడుగులో మునగాలనే మొక్కు ఉన్నవారు కూడా ఒంటికి నూనె రాసుకోకుండా, అడుగు బురద కలపకుండా, నీళ్లు తలమీద చల్లుకుని బయటికి రావాలని నా మనవి.