కోల్బర్ట్, హెప్బర్న్, ఐరీన్ డన్: ముప్ఫైల నాటి హాలీవుడ్ కామెడీల్లో ముందు ఏది చూడాలి?

1930ల హాలీవుడ్ కామెడీ ఒకటి చెప్పమంటే ఎక్కువమంది ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ పేరే చెబుతారు. 1934లో ఫ్రాంక్ కాప్రా తీసిన ఈ సినిమాకి ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే ఆస్కార్లు ఐదూ వచ్చాయి. అలా రావడం అదే మొదటిసారి. నేను మాత్రం ‘ది ఆఫుల్ ట్రూత్’తో మొదలుపెట్టమంటాను. కారణం అందులో కథానాయిక ఐరీన్ డన్.

కాప్రా సినిమా కథ మనకి కొత్త కాదు. తండ్రితో గొడవపడి పారిపోయిన డబ్బున్నవాళ్ళమ్మాయి, బస్సులో తగిలిన విలేకరి. హిందీ ‘చోరీ చోరీ’ (1956), ‘దిల్ హై కె మాన్‌తా నహీ’ (1991) రెండూ దీన్నుంచి పుట్టినవే. అయినా క్లాడెట్ కోల్బర్ట్ కోసం చూడాలి. ఈ వేషం ఆవిడకి ఇష్టం లేదు. మామూలు పారితోషికానికి రెట్టింపు, అంటే 50,000 డాలర్లు ఇచ్చి, నాలుగు వారాల్లో వదిలేస్తామంటే ఒప్పుకుంది. ఆ అయిష్టం కూడా పాత్రకి కలిసొచ్చినట్టే అనిపిస్తుంది. పచ్చి క్యారెట్ వద్దని మొహం తిప్పుకున్న పిల్లే, తర్వాత ఆకలికి ఆగలేక అదే కొరుక్కు తినే చోట ఎంత బావుంటుందో! కానీ సగం సినిమాని విలేకరిగా వేసిన క్లార్క్ గేబుల్ లాక్కుపోతాడు.

‘బ్రింగింగ్ అప్ బేబీ’ (1938)లో కాథరిన్ హెప్బర్న్‌ని ఎవరూ దాటలేరు. పెంపుడు చిరుతపులి, పోయిన డైనోసార్ ఎముక, దాని కోసం పరిగెత్తే శాస్త్రవేత్తగా కేరీ గ్రాంట్. దర్శకుడు హోవర్డ్ హాక్స్ ఊపిరి తీసుకోనివ్వడు. అప్పట్లో అంతగా ఆడలేదు. అదే ఏడాది థియేటర్ల యజమానుల సంఘం ఒకటి పత్రికా ప్రకటనలో బాక్సాఫీసుకి విషం అంటూ వేసిన జాబితాలో హెప్బర్న్ పేరూ ఉంది. అన్యాయం అనే అంటాను. అయితే మాట మీద మాట పడిపోతుంటుంది కాబట్టి సబ్‌టైటిల్స్ చదువుతూ చూస్తే ఆవిడ మొహం చూసే తీరిక ఉండదు.

ఇక 1937 నాటి ‘ది ఆఫుల్ ట్రూత్’. ఒకరి మీద ఒకరికి అనుమానం వచ్చి భార్యాభర్తలు విడాకులు కోరతారు. తీర్పు అమల్లోకి రావడానికి తొంభై రోజులు గడువు. భర్త మళ్ళీ కేరీ గ్రాంటే. భార్య పరాయి మగాడితో ఒంటరిగా ఉందనుకుని అతను ఓ గదిలోకి దూసుకొస్తాడు. తీరా చూస్తే అక్కడ ఆవిడ పదిమంది ముందు కచేరీ చేస్తోంది. సిగ్గుపడి వెనక కూర్చుంటాడు, కుర్చీతో సహా కిందపడతాడు. డన్ పాట ఆపదు. చివరి స్వరాల్లో మాత్రం చిన్న నవ్వు కలిసిపోతుంది. ఆవిడ నిజంగానే సంగీతం నేర్చుకున్న మనిషి కాబట్టి ఆ నవ్వు పాటలో భాగమే అనిపిస్తుంది. అతని మీద ఇంకా ప్రేమ పోలేదని మనకి అక్కడే తెలుస్తుంది, ఒక్క డైలాగు లేకుండా.

ఇదే మనిషి తర్వాత అతనికి కాబోయే అత్తవారింటికి అతని చెల్లెలినంటూ దిగి, తాగినట్టు నటిస్తూ నైట్‌క్లబ్ పాట పాడి పెద్దమనుషుల పరువు తీస్తుంది. హుందాతనం, అల్లరి రెండూ ఒకే నటిలో ఇంత తేలిగ్గా కుదరడం ఆ దశాబ్దంలో ఇంకెక్కడా నాకు కనిపించలేదు. తెర మీద శృంగారం ఎంతవరకు చూపించవచ్చో చెప్పే హాలీవుడ్ సెన్సార్ నియమావళి 1934 మధ్యనుంచి గట్టిగా అమలైంది. కోల్బర్ట్ సినిమా దానికి ముందే విడుదలైపోయింది. డన్‌కి ఆ వెసులుబాటు లేదు. చివర్లో పక్కపక్క గదులు, మధ్యలో సరిగ్గా మూసుకోని తలుపు, అంతే. అక్కడ ఆవిడ చూపులే చాలు.

దర్శకుడు లియో మెక్‌కేరీకి ఆస్కార్ వచ్చింది. డన్‌కి రాలేదు. ఐదుసార్లు నామినేట్ అయినా ఒక్కటీ రాలేదు.

నచ్చితే ఇదే జంట 1940లో చేసిన ‘మై ఫేవరెట్ వైఫ్’ కూడా ఉంది. కోల్బర్ట్ సినిమా ఆ తర్వాత చూడండి. హెప్బర్న్‌ది ఆ కాలపు డైలాగుల వేగం చెవికి అలవాటయ్యాక పెట్టుకోండి.